గొడుగూ వానా

ఈసాఫ్యోర్డర్ కోర్టులో నా పని
చెవిన పడ్డదాన్ని కాగితం మీద పెట్టడం.
దగ్గులు రాయను. నిట్టూర్పులు రాయను.
మౌనం మరీ సాగితే
'విరామం' అని కొట్టి ఊరుకుంటాను.
పంతొమ్మిదేళ్లుగా ఇంతే.

సెప్టెంబరు చివర, గొర్రెల్ని కొండ దించే వారంలో
సిన్‌డ్రి అనే ఇరవై రెండేళ్ల కుర్రాడు
తడిగడ్డిలో మోకాళ్ల మీద పాకి
జేబునిండా పుట్టగొడుగులు ఏరుకున్నాడు.
ఈ దేశంలో చెదపుట్టలు లేవు.
పుట్ట లేనిచోట మొలిచిన గొడుగులు అవి,
చిటికెనవేలి గోరంత.
ఆ రాత్రి రేవుకెళ్లి
థోర్గ్రీమ్ పడవకున్న మోకులు కోశాడు,
చేపల కత్తితో, మూడింటినీ.
పడవ రాళ్లకు కొట్టుకుని నడుం విరిగింది.
అడ్డమొచ్చిన కాపలా ముసలాయనకి
భుజం ఎముక విరిగింది.
ఇంతవరకూ ఎవరికీ తగువు లేదు.

ప్రభుత్వ వకీలు లేచాడు:
ఈ పని చేయించింది పుట్టగొడుగు,
వదిలేస్తే రేపు రేవులో మోకన్నది మిగలదు.
కుర్రాడి వకీలు లేచింది:
చేయించింది పుట్టగొడుగే,
కనుక పిల్లవాణ్ణి దయచూడండి,
నేరక చేసింది నేరమెలా అవుతుంది?
ఇద్దరూ చెరో కొస పట్టుకుని
ఒకే మాటని తడిదుప్పటిలా పిండారు.
నేను రెండుసార్లు టైపు చేశాను.

రాజధాని నుంచి నిపుణురాలు వచ్చింది.
బూట్ల మీద ఉప్పు మరకలు.
లెక్కలున్నాయంది.
తిన్నవాళ్లలో జైలు చూసినవాళ్లు
ఒక పట్టికలో ఎక్కువ, ఇంకో పట్టికలో తక్కువ.
తిన్నాకే దొంగతనం మానేశామనేవాళ్లూ ఉన్నారు.
"వానరోజున వీధిలో గొడుగులు ఎక్కువ కనబడతాయి.
గొడుగులే వాన తెచ్చాయా అంటే
తెచ్చాయని చెప్పలేను.
ఈ గొడుగులు తేలేదని ఒట్టూ వేయలేను."
జడ్జి స్టెయ్‌నూన్ కళ్లద్దాలు తుడుచుకుంది.
"లంకె ఉందా, లేదా? ఒక్క మాటలో."
"ఒక్క మాటలో పట్టదమ్మా."
అదీ రాశాను.

అప్పుడు అడక్కుండానే కుర్రాడు నోరు విప్పాడు.

"ఆ పడవ మీద మా నాన్న పదకొండేళ్లు చేశాడు.
వల లాగే యంత్రం రెండు వేళ్లు తీసుకుంది.
థోర్గ్రీమ్ ఒక కేకు పంపించాడు.
బాదం కేకు. బాగుంది కూడా.
ఆ రాత్రి మోకు ఊపిరి తీసుకోవడం చూశాను, నిజమే.
నీళ్లు నన్ను పేరు పెట్టి పిలిచాయి, అదీ నిజమే.
కానీ కత్తి మధ్యాహ్నమే నూరాను.
అవి తిన్నది సాయంత్రం."

అతని వకీలు చేతిలోంచి కలం జారింది.
కలం చప్పుడు నేను రాయను.

విరామం.

ఆ ఒక్క మాట కింద నాదీ ఒకటుంది.
నాకు ఇరవై ఏళ్లప్పుడు, ఇదే కొండ, ఇవే గొడుగులు.
తెల్లవార్లూ ఒక కిటికీ ఎదుట నిలబడ్డాను,
చేతిలో రాయితో.
ఎవరి కిటికీయో చెప్పను.
అద్దంలో వెలుగు పాలపొంగులా లేచి అణుగుతూ ఉంది.
రాయి వెచ్చగా ఉంది, అప్పుడే పెట్టిన గుడ్డులా,
గట్టిగా పట్టుకుంటే లోపలేదో చచ్చిపోతుందేమోనని
భయమేసింది.
తెల్లారింది.
రాయిని ఇంటికి తెచ్చుకున్నాను.
నా చేతికి రాయిచ్చింది గొడుగా,
చెయ్యి లేవకుండా ఆపింది గొడుగా?
పగలని అద్దాల్ని
ఏ పట్టికా లెక్కపెట్టలేదు.

"అంతా రాశారా?" జడ్జి అడిగింది.
"రాశానండీ."

కాపలా ముసలాయన, చెయ్యి మెడకు కట్టుకుని,
గది దాటుతూ కుర్రాడి దగ్గర ఆగాడు.
ఏదో అన్నాడు. నాకు వినబడలేదు.
వినబడనిది రాయను.

ఆ రాయి ఇప్పటికీ వంటింటి గూట్లో ఉంది.
దాంతో ఎండుచేప దంచుతాను.